జల్లెడలో మిగిలిన బాణీ

విద్యార్థినుల వసతిగృహం, రెండో అంతస్తు
జూలై 6

మామయ్యకు,

క్షేమసమాచారాలతో మొదలయ్యే ఉత్తరాల్లో సగం అబద్ధాలుంటాయని నా నమ్మకం. అందుకని నేరుగా విషయానికి వస్తున్నాను. మీరు ముప్పై ఒక్క సంవత్సరాలు పాఠం చెప్పిన ఈ కళాశాల, మరమ్మతు ముగిసిన చిన్న నాటకశాలకు మీ పేరు పెట్టాలనుకుంటోంది. సెప్టెంబరు ఆఖరి శనివారం విద్యార్థి సభలో చర్చ, ఆ వెంటనే ఓటింగు. ప్రతిపాదన తరఫున మాట్లాడేది నేను.

మీ చెల్లెలి కూతురినని నన్ను ఎంచుకోలేదు. ఆ సంగతి ఇక్కడ ఎవరికీ తెలియదు. ఓటు పడేదాకా తెలియనివ్వను కూడా. వరసగా తొమ్మిది చర్చల్లో ఓడిపోలేదని ఎంచుకున్నారు. పదోది ఓడిపోతే ఆ మచ్చ మీ వల్ల వచ్చిందవుతుంది గనక దయచేసి సహకరించండి.

అవతలి పక్షం నాయకుడు సంగీత విభాగం విద్యార్థి. మేమందరం గడ్డం అంటాం. పియానో బాగా వాయిస్తాడు, మాట అంతకన్నా బాగా విసురుతాడు. నిన్న క్యాంటీనులో అందరి ముందూ అడిగాడు: "ఏడు సంగీత నాటకాలు చేశాడు గదా మీ మహానుభావుడు. ఒక్క పాట, ఒక్కటంటే ఒక్కటి, ఇక్కడ పాడు. నా ఓటు మీకే వేస్తా."

నేను నోరు తెరిచాను, మామయ్యా. ఏమీ రాలేదు.

మీ నాటకాలు నాలుగు చూశాను. చూస్తున్నంతసేపూ నా వెన్ను నిటారుగానే ఉంటుంది, తర్వాతి స్వరం ఎటు తిరుగుతుందో ఊహకందదు. బయటికొచ్చి రోడ్డు దాటేసరికి ఒక్క చరణమూ మిగలదు. దీన్ని నిందగా తీసుకోకండి, సాక్ష్యంగా తీసుకోండి. గడ్డానికి నేను చెప్పవలసిన జవాబు ఏమిటి? పొగడ్తలు నాకు అక్కర్లేదు, వాటిని ప్రిన్సిపాలు గారే సరఫరా చేస్తున్నారు. మీరు ఎలా పనిచేసేవారు, ఎలా పాఠం చెప్పేవారు, అది రాయండి.

ఇంకొక మాట. ఆ శనివారం రమ్మని అమ్మకు ఫోను చేశాను. "షాపులో రద్దీ, కుదరదే" అంది. అమ్మ పనిచేసే కళ్ళద్దాల దుకాణంలో శనివారం మధ్యాహ్నం ఈగలు కూడా ఉండవు. మీరిద్దరూ పోట్లాడుకోవడం నేనెప్పుడూ చూడలేదు. మాట్లాడుకోవడమూ చూడలేదు. దీనికేమైనా కారణం ఉంటే అదీ రాయండి.

మీ మేనకోడలు


గడియారాల దుకాణం మేడమీద, ముందుగది
జూలై 19

లాయరమ్మకు,

నీ ఉత్తరం కోర్టు సమన్లలా వచ్చింది. బిస్కట్టు సగమే ఇచ్చానని మూడేళ్ళ వయసులో నన్ను గంటసేపు నిలదీసిన పిల్లవి. ఇన్నాళ్ళకు నీకు తగిన సభ దొరికింది, కానివ్వు.

నేనున్న గది కింద నలభై గడియారాలున్నాయి. అద్దెకు దిగేటప్పుడు దుకాణదారు "చప్పుడు ఇబ్బందవుతుందేమో చూసుకోండి" అన్నాడు. ఏ చప్పుడూ వినబడటం లేదని చెప్పడానికి సిగ్గేసి, అలవాటవుతుందిలెండి అన్నాను. పై స్వరాలు పోయాయి. పియానో కుడి చివర రెండు జానల మేర నాకిప్పుడు చెక్కమీద కొట్టిన చప్పుడే. ఈ మాట మీ అమ్మకు చెప్పకు.

పని ఎలా చేసేవాణ్ణని అడిగావు. పది నుంచి నాలుగు దాకా కళాశాల, అయిదు నుంచి రిహార్సలు. రిహార్సలు గదిలో పియానోకు ఒక కాలు పొట్టి. దాని కింద పెట్టిన నిఘంటువు ఎనిమిదేళ్ళు ఆ పనే చేసింది, ఒక్క మాటకూ ఎవరూ దాన్ని తెరవలేదు. మా పాటల రచయిత కొత్త పాటను చొక్కా జేబులో పెట్టుకొచ్చేవాడు. నేను చదువుతున్నంతసేపూ నా మొహం చూడలేక కిటికీలోంచి సైకిళ్ళు లెక్కపెట్టేవాడు.

నా పద్ధతి ఒకటి చెబుతాను, నీ ప్రసంగానికి పనికొస్తుంది. దాని పేరు జల్లెడ. ప్రతి ఏడూ మొదటి సంవత్సరం తరగతికి నాలుగు పాదాల పాట ఇచ్చి, గంటలో బాణీ కట్టమనేవాణ్ణి. ఆ పాదాలు నేను అప్పుడు చేస్తున్న నాటకంలోవే. వాళ్ళకది తెలియదు. ముప్పై బాణీలూ బల్లమీద పరిస్తే, ఆ మాటలకు ఎవరికైనా మొదట తోచేదేమిటో కనబడిపోయేది. అదంతా జల్లెడలోంచి రాలిపోనిచ్చి, ఎవరూ తొక్కని చోట నా బాణీ వెతుక్కునేవాణ్ణి. "ఊహకందని సంగీతం" అని పత్రికలు రాసేవి. ఊహకందనిది నోటికి కూడా అందదన్న మీ గడ్డం మాటలో నిజముందేమో.

జవాబుపత్రాలు కళాశాల సామాన్ల గదిలో ఏడాదికొక కట్టగా ఉంటాయి, వెళ్ళి చూసుకో. నాలుగో ఏడాది కట్ట మాత్రం వెతక్కు. దాన్ని ఎలుకలు కొట్టేశాయి.

మీ అమ్మకు పని ఎక్కువ. నాకూ ఎక్కువే ఉండేది. అంతకుమించి కారణం లేదు.

మామయ్య


వసతిగృహం
ఆగస్టు 11

మామయ్యకు,

ఎలుకల వాక్యం చదవగానే నేను మొదట వెతికింది నాలుగో ఏడాది కట్టనే. ఒక వస్తువును వెతకవద్దని చెప్పడమంటే దాని చిరునామా ఇవ్వడమే. కట్ట భద్రంగా ఉంది. మిగతా ముప్పై కట్టలకూ పురికొస ఉంటే, దీనికి మాత్రం నల్లటి బూటు లేసు ఉంది. ఎలుకలు లేసు కట్టడం నేర్చుకున్నాయని నేను నమ్మను.

ముందు జల్లెడ సంగతి తేల్చుకుందాం. ముప్పై ఒక్క తరగతులు, తరగతికి ముప్పై మంది. చదువుకుంటున్నామనుకుని చెమటోడ్చిన దాదాపు వెయ్యిమందిని మీరు ఏం రాయకూడదో తెలుసుకోవడానికి వాడుకున్నారు. వాళ్ళ దగ్గర ఒక్క స్వరమూ దొంగిలించలేదంటారు. ఒప్పుకుంటాను. దొంగకైనా దొంగిలించిన వస్తువు మీద గౌరవం ఉంటుంది, మామయ్యా. మీకు అదీ లేదు.

ఇప్పుడు ఆ కట్టలోని ఒక కాగితం గురించి. పరీక్షలో పేర్లుండవు కనుక నంబరు మాత్రమే ఉంది: పదిహేడు. మీరిచ్చిన పాదాలివి:

తలుపు మూసి వెళ్ళినవాళ్ళు
తాళం మరిచిపోయారు
తెరిచి చూసే ధైర్యం లేక
ఊరంతా బయటే ఉంది

కింద ఆ విద్యార్థి కట్టిన బాణీ. దాని కింద మీ ఆకుపచ్చ సిరా: "చేతికందినది రాశావు. శ్రమ కనబడదు. నలభైకి పదకొండు." ఆ తరగతిలో ఇంకెవరికీ ఇరవైకి తగ్గలేదు. కాగితం వెనక పెన్సిలుతో ఏదో రాసి, రబ్బరుతో చెరిపేశారు. కిటికీ వెలుతురుకు పెడితే గీతలు కనబడుతున్నాయి. నాకు స్వరలిపి రాదు. ఇష్టం లేకపోయినా గడ్డం దగ్గరికి తీసుకెళ్ళాను.

"ఇది వాయించు."

"అడుక్కునేటప్పుడు కూడా ఆర్డరేనా?"

"వాయిస్తావా, చేతకాదన్నావని రాసుకోనా?"

వాయించాడు. మొదటి పాదం, రెండో పాదం. మూడో పాదానికి ముందు కాగితం జారితే సర్దుకున్నాడు. ఆ కాస్త ఖాళీలో మూడో పాదం నేను కూనిరాగం తీశాను. నాకు తెలియకుండానే తీశాను.

గడ్డం చేతులు ఆగిపోయాయి. "నీకు స్వరలిపి రాదన్నావు."

"రాదు."

"మరిదెలా వచ్చింది?"

"ముందు వెనకవైపు కూడా వాయించు" అన్నాను. కాగితం వెనక్కి తిప్పి, చెరిపిన గీతల్లోని తోడు స్వరాల్ని ఎడంచేత్తో కలిపి మళ్ళీ మొదటినుంచి వాయించాడు. అయ్యాక పియానో మెట్ల మీద ఒక చెయ్యి ఉంచి, కాగితాన్ని మళ్ళీ ముందువైపుకు తిప్పాడు.

"దీనికి పదకొండా?" అన్నాడు. "ఈ ఎడంచెయ్యి రాసినవాడికి ఆ బాణీ ఎంత నచ్చిందో విన్నావా? ఎక్కడా దానికి అడ్డం రాలేదు. పక్కనే నడిచాడు."

పెన్సిలు రాత ఎవరిదో నేను అడగను, అది మీదే. ఒక్కటే అడుగుతున్నాను. పదిహేడో నంబరు ఎవరు?

మీ మేనకోడలు


గడియారాల దుకాణం మేడ
ఆగస్టు 20

చిరంజీవికి,

నీ ఉత్తరం అందింది. ముప్పై మూడేళ్ళనాటి విద్యార్థుల నంబర్లు ఇప్పుడు గుర్తుండడం సాధ్యం కాదు. ఆనాటి మార్కులు ఆనాటి ప్రమాణాలను బట్టి ఇచ్చినవి. పెన్సిలు గీతలు ఎవరో పిల్లలు గీసుకున్నవి అయివుంటాయి. ఆ కాగితాన్ని కట్టలో పెట్టేసి, నీ ప్రసంగం మీద దృష్టి పెట్టు. నాటకాల జాబితా, ప్రదర్శనల సంవత్సరాలు జతచేస్తున్నాను.

మామయ్య


వసతిగృహం
ఆగస్టు 29

మామయ్యగారికి,

"గుర్తుండడం సాధ్యం కాదు." ఎంత బాగా కట్టిన వాక్యం. అందులో మనిషే లేడు.

మీరు చెప్పరు గనక నేనే చెబుతాను. పదిహేడో నంబరు విద్యార్థిని ఏడు అంకెకు నడుం దగ్గర అడ్డగీత పెడుతుంది. ఆ ఏడును నేను అక్షరాలు రాకముందునుంచీ చూస్తున్నాను. కళ్ళద్దాల నంబర్ల చీటీల మీద, నా బడి పుస్తకాల అట్టల మీద, జ్వరం వచ్చినప్పుడు మందు వేళలు రాసిన కాగితం మీద.

అమ్మ దుకాణం వెనక గదిలో అద్దాలు అరగదీసే చక్రం ఒకటి ఉంది. తిరుగుతున్నంతసేపూ అది ఒకే స్వరం మీద మూలుగుతుంది. అమ్మ దాన్ని శ్రుతిగా పట్టుకుని, పెదవులు కదపకుండా ఒక రాగం తీస్తుంది. మాటలుండవు. నేను బల్ల కింద కూర్చుని హోంవర్కు చేసుకుంటూ "ఏ పాటమ్మా అది?" అని అడిగితే "మిషను పాట" అనేది. నేను నమ్మాను. మొన్న గడ్డం ఆ మెట్లు నొక్కేదాకా అన్ని చక్రాలూ అదే పాట పాడతాయని నమ్మాను.

"ఒక ఏడాది కాలేజీకెళ్ళి మానేశా, కళ్ళ పని నచ్చింది" అని చెప్పేది. ఏ కాలేజీ, ఏ చదువు, ఎందుకు మానేశావు అని నేనెప్పుడూ అడగలేదు. ఈ కళాశాలలోనే నాకు సీటు వస్తే "మంచి కాలేజీయే" అని సూట్‌కేసు సర్దింది. తొమ్మిది చర్చలు గెలిచినదాన్ని, ఇంట్లో ఉన్న మనిషిని మూడు ప్రశ్నలు అడగలేకపోయాను.

ప్రతిపాదననుంచి తప్పుకున్నాను. ఆ శనివారం మీకు వ్యతిరేకంగా మాట్లాడతాను, ఆ కాగితం చేత పట్టుకుని. చెప్పుకోవలసిందేమైనా ఉంటే ఆలోగా రాయండి. ఈసారి ఎలుకలు లేకుండా రాయండి.

మేనకోడలు


గడియారాల దుకాణం మేడ
సెప్టెంబరు 12

లాయరమ్మా,

ఇది పెన్సిలుతో రాస్తున్నాను. ఆకుపచ్చ కలం చేతికి రావడం లేదు. ఈసారి చెరపను.

మీ అమ్మను ఇంట్లో పిచ్చుక అనేవాళ్ళం. నాకన్నా పద్నాలుగేళ్ళు చిన్న. నాన్న పోయాక బళ్ళో చేర్పించింది నేనే, కళాశాలకు తీసుకొచ్చిందీ నేనే. రోజూ ఇద్దరం కలిసి నడిచి వెళ్ళేవాళ్ళం. దారిలో పొడుగునా ఇనుప కమ్మీల కంచె ఉండేది. గొడుగు కొనను దానికి ఆనించి, టరటరమని వాయిస్తూ నడిచేది. "కాస్త తాళంలో కొట్టవే" అంటే "కంచె తప్పు, నాది కాదు. రెండు కమ్మీలు ఊడిపోయాయి" అనేది. గేటు దాటగానే నేను అన్నయ్యనుంచి సార్‌కి మారిపోయేవాణ్ణి. "సార్, నా టిఫిను డబ్బా మీ సంచిలో ఉండిపోయింది సార్" అని తరగతి అంతా వినేలా అడిగేది.

అప్పుడు నా మూడో నాటకం నడుస్తోంది. ఖాళీ ఇంటికి కాపలా ఉండే ముసలామె పాట అది. ఆ నాలుగు పాదాలకు నాలుగు నెలలుగా బాణీ కుదరలేదు. జల్లెడ పట్టాను. ఇరవై తొమ్మిది రాలిపోయాయి, ఒకటి మిగిలింది. వింటే అందరికీ తోచేదేగా అనిపిస్తుంది. కానీ ఎవరికీ తోచలేదు. 'మరిచిపోయారు' దగ్గర పిల్లలందరూ స్వరాన్ని కిందికి దించారు. నేనూ నాలుగు నెలలుగా దించుతూనే ఉన్నాను. ఆ బాణీ మాత్రం అక్కడ దిగలేదు, గుమ్మంలో ఏదో గుర్తొచ్చి ఆగిన మనిషిలా నిలబడింది.

ఎవరిదో చూడలేదు. కాగితం తిప్పి, పెన్సిలుతో ఎడంచెయ్యి రాయడం మొదలుపెట్టాను. అంత తేలిగ్గా నేనేదీ రాయలేదు, అంతకుముందూ ఆ తర్వాతా. ముగించి, ముందువైపు మళ్ళీ చూసుకుంటుంటే నంబరులో అడ్డగీత ఏడు కనబడింది. సంతోషించానని రాయాలని ఉంది. నా పదేళ్ళ చాకిరీకి లొంగనిది గొడుగుతో కంచె వాయించే పిల్లకు గంటలో లొంగిందన్న ఒక్కమాటే బుర్రలో తిరిగింది. రబ్బరు తీసుకున్నాను. తర్వాత ఆకుపచ్చ కలం తీసుకున్నాను.

సొంత చెల్లెలికి ఎక్కువ వేశాడంటారని నాకు నేను చెప్పుకున్నాను. నువ్వయితే ఆ వాదనను ఒక్క నిమిషంలో పగలగొట్టేదానివి. ఎక్కువ వెయ్యకూడదంటే ఇరవై చాలు గదా, పదకొండెందుకు?

కాగితాలు చూపించిన రోజు ఆమె దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి "సరే సార్" అని తిరిగి ఇచ్చేసింది. మర్నాటినుంచి నాకు పొద్దున్నే పనులు తగిలాయి. ముందే బయల్దేరి, వెనక గేటునుంచి వెళ్ళేవాణ్ణి. ఏడాది చివర చదువు మానేస్తానంది. ఎందుకని నేను అడగలేదు. అడిగితే చెబుతుందేమోనని భయం.

నాటకంలో నా బాణీయే పెట్టాను, ఏడు మాత్రల లెక్కతో. పత్రికలు మెచ్చుకున్నాయి. పాడిన నటి ఎనభై ప్రదర్శనలకూ వేళ్ళమీద లెక్కపెట్టుకుంటూనే పాడింది.

ఉద్యోగ విరమణ రోజున ఆ కట్ట విప్పాను. పురికొస పుటుక్కున తెగింది. బూటు లేసు విప్పి కట్టి, ఒక బూటు వదులుగా ఈడ్చుకుంటూ వీడ్కోలు సభకు వెళ్ళాను. ఆ కాగితం జేబులో పెట్టుకుని తిన్నగా మీ ఇంటికి రావచ్చు. రాలేదు. దొంగకైనా గౌరవం ఉంటుందని రాశావే, ఆ వాక్యం దగ్గరే నేను చాలా రోజులు ఉండిపోయాను. దొంగిలించి ఉంటే ఆ పాట ఇవాళ జనం నోట ఉండేది. ఎవరిదో ఎప్పుడో బయటపడేది. నేను అదీ చెయ్యలేదు. ఎవరికీ దక్కకుండా చేశాను.

ఈ ఉత్తరం సభలో చదువు. ఏమీ వదలకుండా చదువు. ఆ గోడమీద నా పేరు పడనివ్వకు.

మామయ్య


వసతిగృహం
సెప్టెంబరు 30

మామయ్యా,

మీ ఉత్తరం సభలో చదవలేదు. ఇక్కడ గదిలో మాత్రం చదివీ చదివీ మడతల దగ్గర చిరిగింది.

నా వంతు వచ్చింది. ఒక చేతిలో ఆ కాగితం, మరో చేతిలో మీ ఉత్తరం. మొదటి వాక్యానికి వారం రోజులుగా పదును పెట్టుకున్నాను: "ఈ సభ ముందుకు ఒక సాక్షిని తెస్తున్నాను." తలెత్తాను. ఆఖరి వరసలో, తలుపు పక్క కుర్చీలో అమ్మ ఉంది. దుకాణంలో వేసుకునే తెల్లకోటు విప్పకుండానే వచ్చింది. జేబులోంచి అద్దాలు తుడిచే పసుపు గుడ్డ అంచు కనబడుతోంది.

నేను అమ్మను అడగలేదు, మామయ్యా. కాగితం దొరికి ఏడు వారాలయింది. మీకు ఉత్తరాలు రాశాను. గడ్డంతో రోజూ వాదించాను. ఆ బాణీ ఎవరిదో ఆ మనిషిని మాత్రం "దీన్ని బయటపెట్టనా?" అని ఒక్క మాట అడగలేదు. అది నాకు పదో గెలుపుకు పనికొచ్చే సరుకు, అంతే. మీ జల్లెడ నా చేతిలోనూ ఉంది. పట్టుకున్నానని కూడా తెలియలేదు.

"గౌరవ సభ్యులారా" అన్నాను. అధ్యక్షుడు గంట మీద చెయ్యి పెట్టాడు. "నేను చెప్పేదేమీ లేదు" అని కూర్చున్నాను.

గడ్డం పక్కకు వంగాడు. "ఏమైంది నీకు?"

"గొంతు పట్టేసింది."

"నీకా? నీ గొంతు పట్టాలంటే గొంతుకి ధైర్యం కావాలి గదే."

తర్వాత వ్యతిరేక పక్షాన వాడు ఒక్కడే మాట్లాడాడు. కాగితం ఊసెత్తలేదు, నా చేతిలోంచి లాక్కోనూ లేదు. అంత మర్యాద వాడి దగ్గర ఉందని నాకు తెలియదు. ప్రతిపాదన నెగ్గింది. మీ పేరు పడనివ్వకుండా ఆపగలిగినదాన్ని నేనొక్కదాన్నే, నేను ఆపలేదు. అబద్ధం చెప్పడానికీ ఊరుకోవడానికీ చాలా తేడా ఉందని ఒక చర్చలో అరగంట వాదించి గెలిచాను. ఆ వాదన ఇప్పుడు గుర్తు చేసుకోవాలని లేదు.

బయట మెట్లమీద అమ్మ నిలబడి ఉంది.

"ఏమే, మాట్లాడలేదేం?"

"నువ్వెందుకొచ్చావు, రద్దీ అన్నావు?"

"నువ్వు మాట్లాడతావని వచ్చా. తీరా చూస్తే మనింటి గోడలాగా నిలబడ్డావు."

కాగితం ఆమె చేతిలో పెట్టాను. నంబరు చూసింది. మార్కు చూసింది. వెంటనే వెనక్కి తిప్పింది, అక్కడ ఏముందో ముందే తెలిసినట్టు. బొటనవేలితో ఒకచోట మెల్లగా నిమిరింది. తర్వాత నాలుగు మడతలు పెట్టి, పసుపు గుడ్డతోపాటు జేబులో పెట్టుకుంది. మీ ఉత్తరాలన్నీ ఇచ్చేశాను. అవి నా పేరుమీద వచ్చాయి గానీ, నావి కావు.

"బస్సు పోతుంది, నే వస్తా" అంది.

నాటకశాల గోడమీద మీ పేరు రాస్తున్నారు. రంగు ఆకుపచ్చ. నేనెవరికీ ఏమీ చెప్పలేదు, వాళ్ళే ఎంచుకున్నారు.

మీ మేనకోడలు


కళ్ళద్దాల దుకాణం, వెనక గది
అక్టోబరు 14

అన్నయ్యా,

నీకు ఇది నా మొదటి ఉత్తరం. శుభలేఖ మీద చిరునామా రాయడాన్ని ఉత్తరం అనుకోకపోతే.

నువ్వు పిల్లకు రాసినవన్నీ బస్సులో చదివాను. దిగాల్సిన చోటు దాటి రెండు స్టాపులు పోయాను. వెనక్కి నడిచి వచ్చేసరికి దుకాణం ముందు ఒక పెద్దాయన విరిగిన ఫ్రేము పట్టుకుని నిలబడి ఉన్నాడు. అది అతికించాకే ఆలోచించడానికి తీరిక దొరికింది.

నువ్వొకటి తప్పు అనుకున్నావు. పదకొండు మార్కులకు బెదిరి నేను మానెయ్యలేదు. ఆ బాణీ ఎలాంటిదో రాస్తున్నప్పుడే నాకు తెలుసు. పదకొండు చూసి నవ్వొచ్చింది కూడా. చెల్లెలికి ఎక్కువ వేశాడని ఎవరూ అనకుండా మరీ ఇంత జాగ్రత్తా, ఇంటికెళ్ళాక ఏడిపించాలి వీణ్ణి అనుకున్నాను. అప్పుడు కాగితం తిప్పాను. నీ పెన్సిలు నాకు తెలియకపోతే ఎవరికి తెలుస్తుంది? ఎంత బాగా రాశావో చూశాను. ఎంత గట్టిగా చెరిపావో కూడా చూశాను, ఒకచోట కాగితం ఉల్లిపొరలా పలచబడింది. నీకు నచ్చిందని, నచ్చినందుకే పదకొండు వేశావని అర్థమైంది.

సాయంత్రం ఇంటికొచ్చి చెబుతావనుకున్నాను. చెప్పలేదు. మర్నాడు నడుస్తూ చెబుతావనుకున్నాను. గొడుగు తీసుకుని బయటికొస్తే నువ్వు అప్పటికే వెళ్ళిపోయావు. ఆ రోజు కంచె వాయించకుండా నడిచాను. ఏడాదంతా ఎదురుచూశాను, అన్నయ్యా. ఆఖరికి విసుగొచ్చింది. కాలేజీకీ నీ దగ్గరికీ నాకు దారి ఒక్కటే, అది మానేస్తే రెండూ పోయాయి.

నీ చెవుల సంగతి తెలిసింది. నాకు చెప్పొద్దన్నావట. ఇక్కడికొచ్చేవాళ్ళూ అంతే. పెద్దక్షరాల వరసలు గడగడా చదివేసి, కింది వరస దగ్గరికి రాగానే "మీ దీపం మసగ్గా ఉందమ్మా" అంటారు. నేను దీపం మార్చను. ఊరుకుని కూర్చుంటాను. కాసేపటికి వాళ్ళే కనబడటం లేదంటారు.

ఆ బాణీకి వాయిద్యాలు కట్టి, నా పేరు వేయించి, ఆ హాల్లోనే వినిపిస్తానని రేపో ఎల్లుండో నువ్వు రాస్తావు. నిన్ను నేనెరగనా? వద్దు. ఆ కాగితం మీదున్నది పద్దెనిమిదేళ్ళ పిల్లది. ఆ పిల్లకు చెప్పాల్సింది ఆ రోజు చెప్పాల్సింది. ఇన్నేళ్ళూ చక్రం పక్కన పాడీ పాడీ ఆ పాట మారిపోయింది. నాలుగో పాదం పూర్తిగా వేరే. నువ్వు రాసిన ఎడంచెయ్యి ఇప్పుడు దానికి అతకదు. తోడు లేకుండానే నడవడం దానికి అలవాటయింది.

నీ మీద కోపం పోయిందా అని అడగకు. పోలేదు. ఇరుకింట్లో బీరువాలాగా ఉంది, పక్కనుంచి ఒదిగి నడవడం అలవాటయింది. పిల్లను మాత్రం ఏమీ అనకు. ఆ సభలో అది ఊరుకోవడం నేను కళ్ళారా చూశాను. నువ్వు ఊరుకున్న తీరు వేరు, అది ఊరుకున్న తీరు వేరు.

వినాలని ఉంటే శనివారం మధ్యాహ్నం రా. అప్పుడు ఇక్కడ ఈగలు కూడా ఉండవని పిల్ల అంటూంటుంది, నిజమే. చక్రం మీద అరగంట పని అట్టిపెడతాను. నా గొంతు ఇదివరకటంత పైకి పోవడం లేదు, బాగా దిగింది. నీకు ఇంకా వినబడే మేరలోనే ఉంటుంది. వెనక సందులోంచి కూడా దారి ఉంది గానీ, నువ్వు ముందు తలుపులోంచి రా.

కలం తీసుకురాకు.

పిచ్చుక